కత్రన్ గిన్నె

ఏప్రిల్ 13, ఆదివారం, మధ్యాహ్నం

డైరీ, సలాం. బాగున్నావా? చాలా లేటైంది, ఏమనుకోకు. రంజాన్ నెలంతా నిలబడే పని. పండుగ అయిన వారానికే శ్రీరామనవమి జనం. భద్రాచలంలో బేకరీ నడిపేవాళ్లకు ఈ రెండు నెలలు కూర్చోవడం అనేది ఉండదు. మా అమ్మాయి ఫరహా నా ఫోన్‌లో నిన్ను పెట్టిచ్చి, రోజూ నాలుగు లైన్లు టైప్ చెయ్ మమ్మీ, కోపం తగ్గుతుంది అంది. నెలన్నర టైప్ చెయ్యలేదు. కోపం ఎక్కడిది అక్కడే ఉంది.

ఇవాళ్టి కోపం ఒక గిన్నె మీద.

మా షాపులో పఫ్‌లు చేసేది పగిడయ్య మాస్టర్. పంతొమ్మిదేళ్లుగా ఆయనే. తెల్లవారుజామున నాలుగింటికి వస్తాడు, ఎండ ముదరకముందే పిండి పని ముగించేస్తాడు. మైదా ముద్దను పరుస్తాడు, మధ్యలో మార్జరిన్ పెడతాడు, మడుస్తాడు, కర్రతో సాగదీస్తాడు, మళ్లీ మడుస్తాడు. ఆఖరున అంచులు కోసేసి చదరాలు చేస్తాడు. ఆ కోసేసిన అంచుల్ని మేం కత్రన్ అంటాం. దర్జీ దగ్గర మిగిలే గుడ్డపీలికలకు కూడా మా ఇంట్లో అదే మాట. రోజూ ఒక స్టీలు గిన్నె నిండా అవుతాయి. తడిగుడ్డ కప్పి ఫ్రిజ్‌లో కింది అరలో పెడతాడు. తర్వాత అవి ఏమవుతాయో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇంటికి తీసుకెళ్లి కోళ్లకు వేస్తాడనుకున్నాను.

ఫరహా ఖమ్మంలో డిగ్రీ. సెలవులకు వచ్చింది. మొన్న ఒక వీడియో చూపించింది. ఎవరో విదేశీ ఆవిడ 'పై' అనే వాళ్ల పిండివంట చేసి, మిగిలిన పిండి ముక్కల మీద చక్కెర చల్లి, మెలితిప్పి, కాల్చి, పిల్లలకు పెడుతోంది. ఆ పై ఎలా ఉంటుందో నాకు తెలియదు. పిండి మాత్రం మా పఫ్ పిండికి చెల్లెలిలా ఉంది.

నిన్న సాయంత్రం ఫ్రిజ్ తెరిచి గిన్నె తీశాను. ముక్కలన్నీ కలిపి చపాతీ పిండిలా బాగా పిసికాను, చక్కెర అద్దాను, కాల్చాను. రాళ్లు. మా ఆయన అహ్మద్ పాషా ఒకటి కొరికి, దవడ పట్టుకుని, గోదావరి మీద ఇంకో వంతెన కడితే పునాదికి పనికొస్తాయి, దాచిపెట్టు అన్నాడు.

సరే, చెడిపోయాయి. అది నా గొడవ. పొద్దున మాస్టర్ వచ్చి ఖాళీ గిన్నె చూశాడు. గిన్నె కడిగి బల్ల మీద బోర్లించాడు. నేనిచ్చిన టీ తాగలేదు. మా ఆయనేమో, మాస్టర్ వస్తువులు ఎందుకు ముట్టుకున్నావని నన్నే అంటాడు. మాస్టర్ వస్తువులట. మైదా మాది, మార్జరిన్ మాది, ఫ్రిజ్ మాది, గిన్నె మా అమ్మ ఇచ్చింది.

పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ కౌంటర్ వెనక నిలబడుతున్నాను. నా చేత్తో చేసిన వస్తువు ఒక్కటంటే ఒక్కటి ఆ అద్దాల వెనక లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నా.

ఏప్రిల్ 15

రెండో వాయి కూడా రాళ్లే.

ఏప్రిల్ 17, గురువారం

దొరికింది!

పిసకకూడదు. పిసికితే పొరలన్నీ చచ్చిపోతాయి. ముక్కల్ని ముద్ద చెయ్యకుండా ఒకదాని అంచు మీద ఇంకోటి, పెంకులు కప్పినట్టు పరిచి, కర్ర ఒక్కసారే నడపాలి. ఇది ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులు పాడుచేస్తే తెలిసింది.

చక్కెర తీసేశాను. ఎండు ఇప్పపువ్వు దంచి, బెల్లం, నువ్వులు కలిపి మధ్యలో చల్లాను. సన్నగా కోసి, రెండేసి పేటలు మెలిపెట్టాను. పఫ్‌లు దిగాక ఓవెన్ కాస్త చల్లబడుతుంది కదా, అప్పుడు పెట్టాను. పొరలు విచ్చుకున్నాయి. బెల్లం అంచుల్లోంచి కారి గట్టిపడింది. ఫరహా నిలబడే నాలుగు తిని, వీటికి జడలు అని పేరు పెట్టింది. బాగుంది పేరు.

ఒక సీసాలో వేసి కౌంటర్ మీద పెట్టాను. గుడికి వచ్చిన వాళ్లు, బస్సు ఎక్కేవాళ్లు, సాయంత్రానికి సీసా అడుగు కనిపించింది. ఎవరు చేశారని ఒకామె అడిగింది. నేనే అన్నాను. ఆ మాట అంటుంటే గొంతు ఎందుకో పెద్దగా వచ్చింది. మా ఆయన లోపల్నుంచి తొంగిచూశాడు.

ఏప్రిల్ 21, సోమవారం

రోజూ సాయంత్రం గిన్నె నాదే. రోజూ సీసా ఖాళీ. మా ఆయన బూర్గంపాడు వైపు షాపులకు పఫ్ ట్రేలు వేసుకెళ్లే ఆటోలో జడలు కూడా రెండు ప్యాకెట్లు పెట్టాను. ఇంకా పంపమన్నారట.

పఫ్‌లు కూడా ఈ మధ్య ఎత్తుగా పొంగుతున్నాయి. నా చెయ్యి ఆ పిండి గదిలో పడిన వేళ మంచిదని మా ఆయనతో అన్నాను. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. సంసారంలో ఆయన నేర్చుకున్న గొప్ప విద్య అది.

మాస్టర్ మాత్రం నా సీసాను అప్పులవాడి ఇల్లు దాటినట్టు దాటిపోతాడు. ఒక జడ చేతిలో పెట్టబోయాను. పళ్లు బాగాలేవన్నాడు. అరగంట ముందే ఆయన మురుకులు నమలడం చూశాను.

ఏప్రిల్ 26, శనివారం

ఎదురుగా లాడ్జి నడిపే పద్మావతమ్మ గారు పొద్దున్నే వచ్చి నిలబడ్డారు. వాళ్లది కోస్తా వైపు నుంచి వచ్చిన వ్యవసాయ కుటుంబం. శనివారం ఇంట్లో గుడ్డు పేరు ఎత్తరు. మా షాపు ఎగ్ పఫ్ మాత్రం శనివారం కూడా చీర కొంగు చాటున తినేస్తారు. పంతొమ్మిదేళ్ల రహస్యం. ఇవాళ ఆ పఫ్ లాడ్జి మెట్ల మీద రెండుగా విచ్చుకుని, గుడ్డు దొర్లుకుంటూ వెళ్లి వాళ్ల అత్తగారి కాళ్ల దగ్గర ఆగిందట.

"గుడ్డు కనపడకుండా తినచ్చనే కదమ్మా షాకేరా మీ పఫ్ కొనుక్కునేది. మీ గుడ్డేమో దండం పెట్టడానికి వచ్చినట్టు మా అత్తగారి కాళ్ల మీద పడింది."

ఆమె ఒక్కరే కాదు. వారం నుంచి కంప్లైంట్లే. కొరకగానే పై కప్పు లేచిపోతోంది, కూర చొక్కా మీద పడుతోంది. బూర్గంపాడు నుంచి మా ఆయన సగం ట్రేలు వెనక్కి తెచ్చాడు. గతుకుల్లో పఫ్‌లన్నీ పొడి. ఇలాగే ఉంటే మాకొద్దని ఇద్దరు షాపువాళ్లు మొహం మీదే చెప్పారు.

ఏప్రిల్ 28, సోమవారం

మైదా బ్రాండ్ మార్చాం. అలాగే ఉంది.

ఓవెన్ మెకానిక్ వచ్చాడు. దాని అద్దం కిటికీ తెరిచాడు, మూశాడు, ఓవెన్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. మార్జరిన్ కంపెనీ వాడికి ఫోన్ చేసి అరిచాను. వాడు ఎండలన్నాడు. ఐసు రెండింతలు తెప్పించాం. అలాగే ఉంది. మా ఆయనేమో ఎవరిదో దిష్టి తగిలిందని నిమ్మకాయలు తెచ్చాడు. ఆ నిమ్మకాయలతో షర్బత్ చేశాను.

ఇంత జరుగుతుంటే మాస్టర్ గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు, అదేదో పక్కింటి పెళ్లి అన్నట్టు.

ఏప్రిల్ 29

44 డిగ్రీలు. కరెంట్ లేదు. ఎవరితోనూ మాట్లాడను.

ఏప్రిల్ 30, బుధవారం

గబగబా రాసేస్తున్నా. స్పెల్లింగులు చూసుకోను.

పొద్దున పఫ్‌ల ట్రే దిగింది. అన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మా ఆయన ట్రేని చూసి, మాస్టర్‌ను చూసి, చేతిలో పస తగ్గిందా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అనకూడని మాట.

పగిడయ్య చేతిలో కర్ర బల్ల మీద పెట్టాడు. చాలా నెమ్మదిగా పెట్టాడు.

"పిండిని అడిగిన్రు. ఓవెన్‌ను అడిగిన్రు. ఫోన్ జేసి కంపెనీవోన్ని గూడ అడిగిన్రు. నన్ను ఒక్క మాట అడిగిన్రా సేటూ? నిన్నటి ముక్క ఇయ్యాల్టి పిండికి బరువు. ఆ బరువు లేకుంటే ఎగుర్తది. మన పఫ్ ఎగరొద్దు. కడుపుల గుడ్డును పట్టుకోని కూసోవాలె."

అంటే కోళ్లకు కాదు. పంతొమ్మిదేళ్లుగా రోజూ ఆ గిన్నెలోని కత్రన్‌ను మర్నాటి పిండి మడతల మధ్య పరుస్తున్నాడు. ముక్కలు కలిసిన పిండి తక్కువ లేస్తుంది, గట్టిగా పట్టుకుంటుంది. అదే మా పఫ్. ఊరంతా మెచ్చుకునే మా పఫ్‌లో సగం పనితనం ఆ గిన్నెలో ఉంది. నేను దాన్ని రోజూ మెలిపెట్టి అమ్ముతున్నాను.

మొదటి రోజే చెప్పొచ్చు కదా అన్నాను. తప్పు నాదని తెలుస్తూనే అన్నాను.

"గిన్నె తీసేటప్పుడు నువ్వు అడిగినవా అమ్మా?"

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. వెళ్లిపోయాడు.

మా ఆయన నా వైపు తిరిగి, గిన్నె మళ్లీ ముట్టుకోవద్దు, ఆ సీసా కౌంటర్ మీంచి తీసెయ్ అన్నాడు. తీయలేదు. ఖాళీ సీసా అలాగే ఉంది.

మే 2, శుక్రవారం

మాస్టర్ రాలేదు. నిన్నా రాలేదు. ఫోన్ స్విచాఫ్. మా ఆయన నమాజ్‌కు వెళ్లేలోపు తానే పఫ్‌లు చేస్తానని దిగాడు. ఏళ్ల తరబడి చూస్తున్నాడు కదా, వచ్చేస్తుందనుకున్నాడు. చూస్తే వచ్చేదైతే ఓవెన్ కిటికీకి కూడా వచ్చేది. మార్జరిన్ కరిగి ట్రే అంచుల్లోంచి కారి మంట లేచింది. ఆయన కనుబొమ్మ ఒకటి సగం పోయింది. షట్టర్ సగం దించి కూర్చున్నాం. బ్రెడ్డు, బిస్కెట్లు మాత్రమే.

పద్మావతమ్మ గారు వచ్చి ఆ కనుబొమ్మ చూసి, తిరిగి వెళ్లిపోయారు.

మే 3, శనివారం, సాయంత్రం

వెళ్లొచ్చాను. ఒక్కదాన్నే. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. గిన్నె తీసింది నేను.

మాస్టర్ ఊరు గోదావరి అవతల, బూర్గంపాడు దాటి లోపలికి. ఆటో దిగి అరగంట నడక, మాస్టర్ రోజూ సైకిల్ మీద వచ్చే దారి. బీడీలు చుట్టే తునికాకు కోతలు నడుస్తున్నాయి. ఊళ్లో ఒక్క మనిషీ ఖాళీగా లేడు. మాస్టర్, ఆయన భార్య వాకిట్లో కూర్చుని ఆకు కట్టలు కడుతున్నారు. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమె చాప వేసింది. కూర్చున్నాను. ఊరికే ఎలా కూర్చుంటాను, నేనూ ఒక కట్ట మొదలుపెట్టాను. కట్టకు యాభై ఆకులు, ఇటు సగం, అటు సగం, తొడిమలన్నీ ఒక వైపు. నా కట్ట చూసి ఆమె కోయ భాషలో ఏదో అని నవ్వింది. మాస్టర్ నా చేతిలోంచి తీసుకుని, విప్పి, మళ్లీ కట్టి ఇచ్చాడు. ఆయన వేళ్లు ఆకుల్ని కూడా పిండిలాగే సర్దుతున్నాయి.

ఆటోలోనే అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. పంతొమ్మిదేళ్ల బంధం, ఉప్పు, నమ్మకం, అలాంటివి. ఒక్కటీ రాలేదు.

"గిన్నె నీదే మాస్టర్. నువ్వు పెట్టిన కాడనే ఉంటది, నేను ముట్ట. తప్పయింది. నాకు బల్ల మీద ఒక పక్క ఇయ్యి చాలు. నా పిండి నేనే చేసుకుంట."

ఆయన ఇంకో కట్ట కట్టాడు. పక్కన పెట్టాడు.

"ఆ సీసా కోసమా?"

"అవ్. ఆ షాపుల నాదంటూ ఏముంది చెప్పు."

ఇంకో గుప్పెడు ఆకులు తీసి తొడిమలు సర్దాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు.

"తెల్లారగట్ల నాలుగింటికి ఐసు నీళ్లల్ల చెయ్యి పెట్టాలె. మూడు రోజులకు పారిపోతవ్."

"పారిపోతే ఆ సీసా నీ చేత్తోని పగలగొట్టు."

ఇంట్లో డబ్బాలో మిగిలితే నేను తీసుకెళ్లిన ఆఖరి జడలు ఆయన భార్య తిన్నది. బయల్దేరేటప్పుడు ఆమె ఏదో చెప్పింది, ఆయన నాకు తెలుగులో చెప్పాడు. ఇప్పపువ్వు వేయించకుండా దంచాను, పచ్చివాసన వస్తోందట. ఊరు ఊరంతా మెచ్చుకున్న జడలు! ఆటో ఎక్కేదాకా ఉడికిపోయాను. ఆటో కదిలాక నోట్లో ఒక ముక్క వేసుకుని చూశాను. నిజమే, వస్తోంది.

మే 5, సోమవారం, పొద్దున 6

మాస్టర్ వచ్చాడు. నాలుగుకి ఐదు నిమిషాల ముందు. నేను నాలుగుకి ఐదు నిమిషాల తర్వాత. ఆ పది నిమిషాలకు అరగంట తిట్లు.

నా పిండి: మొదటి మడతకే మార్జరిన్ పొట్ట పగిలి బయటికొచ్చింది. వానాకాలం రోడ్డులా ఉందన్నాడు. వేళ్లు నావో కావో తెలియడం లేదు. టైప్ చేస్తుంటే తప్పు అక్షరాలు పడుతున్నాయి.

పఫ్‌లు కూడా రెండు రోజులు కుదరవట. మధ్యలో ముక్క లేదు కదా. అది కూడా నా తప్పే, సరే.

మే 7

ఇవాళ మూడో రోజు. పారిపోవాలని ఉంది. సీసా చూశాను. పారిపోలేదు.

మే 14, బుధవారం

పిండికి, మార్జరిన్‌కు ఒకే చల్లదనం ఉండాలి, ఒకే మెత్తదనం ఉండాలి. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటే కలిసి నడవవు, ఒకదాన్ని ఒకటి చించుకుంటాయి. ఇది మాస్టర్ చెప్పినప్పుడు మా ఆయన టీ గ్లాసులతో గుమ్మంలోనే ఉన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మడతకూ మడతకూ మధ్య పిండిని పడుకోబెట్టాలి. అరగంట. ఆ అరగంట నాకు ఆగదు. ఎన్నిసార్లు గుడ్డ ఎత్తి చూస్తానో. నిద్రపోయే బిడ్డను లేపి, నిద్రపోయినవా అని అడిగినట్టుంది నీ యవ్వారం అని మాస్టర్ విసుక్కుంటాడు. ఫరహా దాన్ని వీడియో తీసింది. డిలీట్ చేయించాను.

కౌంటర్ దగ్గర రోజుకు పదిమంది జడలు ఏవని అడుగుతారు. లేవు, లేవు, లేవు. అడిగిన ప్రతివాళ్లకూ ఖాళీ సీసా చూపిస్తాను. మా ఆయన తీసెయ్యమనడం మానేశాడు. మొన్న తానే తుడిచి పెట్టాడు.

పఫ్‌లు మాత్రం మళ్లీ నోరు మూసుకున్నాయి. బూర్గంపాడు షాపులు ట్రేలు తీసుకుంటున్నాయి. పద్మావతమ్మ గారు శనివారం వచ్చి, నాలుగు కట్టించుకుని, మాట్లాడకుండా వెళ్లారు. అంటే బాగున్నాయన్నమాట.

మే 20

మళ్లీ పగిలింది. ఏడోసారి. మాస్టర్ ఈసారి తిట్టలేదు. అది ఇంకా కోపం తెప్పించింది.

మే 27, మంగళవారం

పగలలేదు.

ఆరు మడతలు. ఎక్కడా తెల్లటి మచ్చ లేదు, ఎక్కడా చిరుగు లేదు. అంచు కోస్తే పుస్తకం పక్కనుంచి చూసినట్టు గీతలు. వేయించి దంచిన ఇప్పపువ్వు, బెల్లం, నువ్వులు. ముక్కలతో కాదు, నిండు పిండితో చేసిన జడలు. ఓవెన్ ముందు స్టూల్ వేసుకుని కూర్చున్నాను. మా ఆయన పోయిన కనుబొమ్మ గుర్తుచేసి కాస్త దూరం జరగమన్నాడు. జరగలేదు.

మాస్టర్ ఒక జడ విరిచాడు. బల్బు కింద పెట్టి లోపల చూశాడు. వాసన చూశాడు. పళ్లు బాగాలేవన్న మనిషి రెండు తిన్నాడు. నేనిచ్చిన టీ తాగాడు.

సీసా నిండింది. మూత పెట్టేటప్పుడు మా ఆయన పక్కకొచ్చి, కౌంటర్‌లో పఫ్‌ల ట్రేని రెండు జానలు అటు జరిపాడు. నేను జరపమని అడగలేదు.

మే 31, శనివారం

ఇప్పుడు నా పిండికీ కత్రన్ మిగులుతుంది. చిన్న గిన్నెలో వేసి, తడిగుడ్డ కప్పి, ఫ్రిజ్‌లో పై అరలో పెడుతున్నా. ఇవాళ ఫరహా అది తీసి చక్కెర చల్లబోయింది. ఇంట్లో ఒకటి చేసుకుంటా మమ్మీ, మిగిలినవే కదా అంది.

నేను అరిచిన అరుపుకు మా ఆయన ఆటో ఆపి లోపలికొచ్చాడు. నన్ను అడగకుండా ఎట్లా తీస్తావు, అవి రేపటి పిండికి అన్నాను. ఫరహా నన్ను చూసింది, మాస్టర్‌ను చూసింది. మాస్టర్ గోడ వైపు తిరిగి బీడీ వెలిగించుకుంటున్నాడు. భుజాలు కదులుతున్నాయి. దగ్గో, నవ్వో.

జూన్ 5, గురువారం, పొద్దున 5:40

మాస్టర్ అడిగాడు.

ఎల్లుండి బక్రీద్, పఫ్‌ల ఆర్డర్ డబుల్, ఆయన గిన్నె చాలదట. నా గిన్నెలోది ఇస్తావా అని, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, తలుపు దగ్గరే నిలబడి అడిగాడు.

ఆలోచించి చెబుతానన్నాను.

ఎప్పుడు చెబుతావన్నాడు.

"రేపు నాలుగింటికి, గిన్నె ముందల పెట్టుకోని ఈడనే చెప్త మాస్టర్. నాకన్న జల్దీ వస్తవా?"